ఎఫ్ ఎయిట్‌కి లొంగని వరుస

దెయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఇంట్లో ఏదైనా చప్పుడైతే అందరూ దేవుణ్ణి తలుచుకుంటారు, నేను లేచి కిటికీ గడియ చూస్తాను. కంప్యూటర్ల విషయంలో మరీ మొండిదాన్ని. సాఫ్ట్‌వేర్ తప్పుగా నడిస్తే అది రాసినవాళ్ల తప్పే, గాలీ ధూళీ ఏమీ ఉండవు.

రాజమండ్రిలో ఉంటూ చిన్న చిన్న ఆఫీసులకు సాఫ్ట్‌వేర్ రాసిస్తుంటాను. మా పుట్టిల్లు నరసాపురం దగ్గర, వేట మీద బతికే ఊరు. అక్కడి పడవల సంఘానికీ ఒకటి రాశాను. తెర మీద గళ్ల పట్టిక ఉంటుంది, దాన్నే మేము గ్రిడ్ అంటాం. వరుసకో పడవ నంబరు, పొద్దున ఎప్పుడు వెళ్లింది, తిరిగి వచ్చిందా లేదా.

ఆఫీసు చూసుకునే సువార్త గారు ఓసారి, "ప్రతి గడికీ మౌసు పట్టుకెళ్లలేకపోతున్నానండి, మీటలతో అయిపోయేలా చూడండి" అన్నారు. మామూలుగా గ్రిడ్‌లో అలాంటి మీట కర్సర్ ఉన్న వరుసకే పనిచేస్తుంది. నేను దాన్ని ఎంచుకున్న వరుసలన్నిటికీ వర్తించేలా మార్చాను. కంట్రోల్, ఎ కలిపి నొక్కితే అన్ని వరుసలూ ఎంపికవుతాయి. ఎఫ్ ఎయిట్ నొక్కితే అన్నిటిలోనూ "వచ్చింది" అని పడుతుంది. ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. పడవలు ఎలాగూ రోజూ వచ్చేవే కదా అని, సాయంత్రం కాగానే ఆ మీటలు నొక్కేసి ఇంటికి వెళ్లేవారు. నాకూ గర్వంగానే ఉండేది.

పోయినేడాది వానలు తగ్గాక అమ్మ దగ్గరికి వెళ్లాను. ఆ సాయంత్రమే సువార్త గారు ఫోన్ చేశారు. "ఒక్క వరుస పట్టట్లేదండి. ఓసారి వచ్చి చూస్తారా?"

వెళ్లి నేనే నొక్కాను. అన్ని గళ్లూ నిండాయి. చూస్తుండగానే మధ్యలో ఒక గడి మళ్లీ ఖాళీ అయింది. ఆ ఒక్క వరుసనే ఎంచుకుని నొక్కాను, అదే తంతు. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టినా అంతే. నాకు ఒళ్లు మండింది.

"ఇంతకీ ఈ పడవ వచ్చిందాండి?" అని ఊరికే అడిగాను.

"ఈపాటికి వచ్చే ఉంటుందిలెండి. మీ బాబాయి గారిదేనమ్మా."

బాబాయికి ఫోన్ చేస్తే కలవలేదు. ఇద్దరం రేవుకు నడిచాం. ఆయన పడవ కట్టే చోటు ఖాళీగా ఉంది. ఇంకో రేవులో దిగి ఉంటాడని మిగతా పడవలవాళ్లు అనుకున్నారట.

వెంటనే రెండు పడవలు బయల్దేరాయి. చీకటి పడేలోగా బాబాయిని లాక్కొచ్చారు. ఇంజను ఆగిపోయి, వెనక్కి లాగే పాటు నీటికి పడవ సముద్రంలోకి కొట్టుకుపోతోందట. ఇంకో గంటైతే కనబడేవాడు కాదన్నారు.

మర్నాడు పొద్దున బాబాయి చద్దన్నం తింటూ చెప్పాడు. అప్పటికి ఆ గడి సంగతి నేను గానీ సువార్త గారు గానీ ఆయనకు చెప్పలేదు.

"నాకు నీటి భయం లేదమ్మా. ఆఫీసులో అందర్నీ ఒక్కసారే వచ్చేసినట్టు కొట్టేస్తారు కదా, అదీ బెంగ. ఒడ్డుకేసి చూసి, 'మేం రాలేదండి, రాలేదనే ఉంచండి' అని అంటానే ఉన్నాను."



తర్వాత ఆ కోడ్ అంతా వెతికాను, తప్పేమీ దొరకలేదు. అదే కంప్యూటర్‌లో, అదే వరుస మీద ఎన్నిసార్లు నొక్కినా బుద్ధిగా నిండింది. చివరికి ఆ షార్ట్‌కట్ తీసేశాను. ఇప్పుడు పడవను కళ్లతో చూశాకే, ఒక్కో వరుసా విడిగా నింపాలి. సువార్త గారు ప్రభువు దయ అంటారు. నేను మాత్రం తెలియదనే అంటాను, ఆ మాట అనడం నాకు బొత్తిగా ఇష్టం లేకపోయినా.

ఒక్కటి మాత్రం తెలుసు. ఆ రోజు నేను రాసింది రాసినట్టు పనిచేసి ఉంటే, సువార్త గారు నిశ్చింతగా ఆఫీసుకు తాళం వేసి ఇంటికి వెళ్లిపోయేవారు.