గాడిపొయ్యి మీద నా ఎంటెక్ బీమ్

మొన్న ఆదివారం నా ఎంటెక్ ప్రాజెక్టుని చేతులారా నేనే పొయ్యి మీద పెట్టించుకున్నాను. మాటవరసకి కాదు, నిజంగా పొయ్యి మీదే! నవ్వకండి, ముందు వినండి.

విజయనగరంలో మా కాలేజీ ల్యాబ్‌లో బీములు నానబెట్టే నీళ్ళ తొట్టి పగిలింది. దాంతో నేను పోసిన రెండు కాంక్రీట్ బీములూ ట్రాలీ ఆటోలో వేసుకుని చీపురుపల్లిలో మా ఇంటికి తెచ్చాను. పెరట్లో గోనెలు కప్పి రోజూ తడుపుతున్నాను. ఒకదాంట్లో మామూలు ఇనుప రాడ్లు, అది స్పేర్. రెండోదాంట్లో ఫైబర్ రాడ్లు. ఇవి తుప్పు పట్టవు కానీ, వేడి తగిలితే వీటిలో ఉండే జిగురు మెత్తబడిపోతుంది. ఎంతసేపటికి? అదే నా ప్రాజెక్టు! సోమవారం ల్యాబ్‌లో ఫర్నేసు కూడా బుక్ చేసుకున్నాను.

పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. అందుకని గుర్తుకి సుద్దముక్కతో రాశాను. రోజూ నీళ్ళు పోసేచోట సుద్దముక్క! ఇంజనీర్ని మరి.

ఆదివారం మా అన్నయ్య కూతురి అన్నప్రాశన. పొద్దున్నే వంటల అప్పన్న బాబాయి వచ్చి, పెరట్లో పొడుగ్గా గాడి తవ్వి పొయ్యి చేశాడు.

"ఓలమ్మీ, గాడిపొయ్యి మీదకి ఇనప కమ్మీ ఒకటి తక్కువైనాది. ఆ దిమ్మొకటి అడ్డంగా ఎట్టుకోనా?"

"కుడివైపుది తీసుకో బాబాయ్. రెండోది ముట్టుకున్నావంటే ఊరుకోను!" అని గొప్పగా చెప్పి ముస్తాబవడానికి పోయాను.

చీర కట్టుకుని వచ్చేసరికి పెరడంతా ప్లాస్టిక్ కాలిన కంపు. చూస్తే బీమ్ అడుగున పగుళ్ళు, పగుళ్ళలోంచి పొగ! ఇనుముకి ఈ వాసన ఎందుకొస్తుంది? పరుగెత్తి మిగిలిన బీమ్ మీద గోనె ఎత్తి చూశాను. నా సుద్దరాత ఎప్పుడో నీళ్ళకి కొట్టుకుపోయింది, కుడీ ఎడమా నేనే తప్పు చెప్పాను!

"బాబాయ్, గుండిగ దించెయ్! అది నా ఫైబర్‌ది!"

"దప్పలం మరుగుతున్నాది. ఇప్పుడు దించేస్తే సుట్టాలకి ఏటెడతావు? నీ దిమ్మకి ఏటీ అవదులే!"

ఏడుపొచ్చేసింది. ఎలాగూ కాలిపోతోంది, కనీసం ఎప్పుడు విరిగిందో రాసుకుంటే డేటా అయినా మిగులుతుందని పుస్తకం పట్టుకుని పొయ్యి పక్కన కూర్చున్నాను. మా పెద్దమ్మ మురిసిపోయింది. "సూసారా, ఇన్నాళ్ళకి పిల్ల వంట రాసుకుంటన్నాది!"

బీమ్ మెల్లగా కిందికి వంగి, ఫట్‌మని విరిగింది. గుండిగ మాత్రం బుద్ధిగా గాడిలో కూర్చుంది. గరిటెడు దప్పళం ఒలికింది, అంతే. చుట్టాలందరూ లొట్టలేసుకుంటూ తిన్నారు. నాకు ముద్ద దిగితే ఒట్టు.

గైడ్ సార్‌కి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను.

"విరిగిన టైమ్ రాశావా?"

"పదకొండూ ఇరవై సార్!"

"వెరీ గుడ్. ఆ రీడింగ్ వాడుకుందాం. మంట ఎప్పుడు వెలిగించారు?"

నాకేం తెలుసు! ఫోన్ చేత్తో మూసి, "బాబాయ్, పొయ్యి ఎలిగించిన ఎంతసేపటికి దిమ్మ విరిగింది?" అని అరిచాను. ఆయన వేళ్ళు మడిచి లెక్క చెప్పాడు. ఆ కంగారులో అదే సార్‌కి అప్పజెప్పేశాను.

"పప్పు, గుమ్మడికాయ కూర, సగం దప్పళం సార్!"