పోపు వాసన, గ్యాస్ బిల్లు

గ్వెల్ఫ్‌లో మాది ఎర్ర ఇటుకల పాత ఇల్లు. నేనూ మా వారూ కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో చెరో షిఫ్టు చేసి దాని అప్పు తీర్చాం. తయారైన భాగాలను కొలిచి, వెంట్రుకవాసి తేడా ఉన్నా పక్కన పెట్టడం అక్కడ నా పని. రిటైరయ్యాక కూడా ఆ చూపు పోలేదు.

మా వారు పోయాక మేడ మీది మూడు గదులూ చదువుకోవడానికి వచ్చిన తెలుగు అమ్మాయిలకు అద్దెకిచ్చాను. ఊరి నిండా విద్యార్థులు దిగుతున్న సంవత్సరాలవి. బేస్‌మెంట్లలో గదికి కాదు, పరుపుకు అద్దె తీసుకునేవారు. కరీంనగర్ నుంచి వచ్చిన అమ్మాయి నా దగ్గరికి రాకముందు ఎనిమిది మందితో ఒక హాల్లో పడుకునేది. అద్దెలోనే హీటింగు కూడా కలిసి ఉంటుందని మొదటిరోజే మాటిచ్చాను. ఆ చలికాలం ఫిబ్రవరి బిల్లు చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఐదు వందల అరవై ఘనమీటర్ల గ్యాసు.

వాంకూవర్‌లో ఉండే మా అమ్మాయి రెండేళ్ళుగా చలికాలం బిల్లుల్లో సగం కడుతోంది. కనుక మాట అనే హక్కు తనకుంది.

"అమ్మా, జస్ట్ సెల్ ఇట్. యూ ఆర్ హీటింగ్ ది హోల్ స్ట్రీట్."

"వీధి కూడా మనదేగా, వెచ్చబడనీ."

"ఐయామ్ సీరియస్, మా."

నేనూ సీరియస్‌గానే ఒక ఒప్పందం చెప్పాను. వచ్చే ఫిబ్రవరి వాడకం నాలుగు వందల ఘనమీటర్లు దాటితే ఇల్లు అమ్మకానికి పెడతాను, దాటకపోతే ఆ మాట మళ్ళీ ఎత్తకూడదు. లెక్క డాలర్లలో వద్దన్నాను. ధర కంపెనీ చేతిలో ఉంటుంది, వాడకం నా చేతిలో ఉంటుంది. "ఫైన్," అంది. నేను ఓడిపోతానని అనుకుంటోందని దాని గొంతులోనే తెలిసిపోయింది.

అక్టోబరులో పని మొదలుపెట్టాను. గాలి ఎక్కడినుంచి వస్తోందో కంటికి కనబడదు కాబట్టి అగరువత్తి వెలిగించి కిటికీల అంచుల వెంబడి, తలుపుల కింద, గోడ ప్లగ్గుల దగ్గర పట్టుకుని తిరిగాను. పొగ నిటారుగా లేస్తే ఫరవాలేదు. పక్కకు వంగితే అక్కడ సందు ఉన్నట్టు. ప్రతి సందునూ పూడ్చాను. తలుపు అంచులకు రబ్బరు పట్టీ వేశాను. కిటికీలకు ప్లాస్టిక్ పొర అంటించి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి డప్పు తోలులా బిగించాను. పాత నూలు చీరలను గట్టిగా చుట్టి గుమ్మాల కింద పెట్టాను. వేడి పెంచే థర్మోస్టాట్ మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదన్నాను. వెయ్యలేదు.

జనవరి బిల్లు ఐదు వందల పది వచ్చింది.

అంత చాకిరీకి తగ్గింది ఆ మాత్రమే. ఎక్కడో పెద్ద కన్నం ఉంది, నాకు కనబడటం లేదు. ఆ సాయంత్రం మళ్ళీ అగరువత్తి పట్టుకుని మేడ ఎక్కాను. నడవాలో పొగ కాసేపు నిటారుగా లేచింది. కరీంనగర్ అమ్మాయి గది ముందుకు రాగానే, ఎవరో పిలిచినట్టు వంగి తలుపు కిందికి దూరింది. తలుపు తట్టాను.

లోపల కిటికీ జానెడు తెరిచి ఉంది. నేను అంటించిన ప్లాస్టిక్ పొరను ఒక పక్క జాగ్రత్తగా ఊడదీసి, మళ్ళీ అంటించడానికి టేపు సిద్ధంగా పెట్టుకుంది. కిటికీకి అడ్డంగా హ్యాంగరు మీద చలి జాకెట్టు వేలాడుతోంది. ఆ పిల్ల ముఖం పాలిపోయింది.

"సారీ ఆంటీ. పోపు వాసన జాకెట్‌కి పట్టేస్తుంది. నేను పొద్దుగాల కాఫీ షాపుల నిలబడాలె. మా మేనేజర్ మొన్న అందరి ముందట 'సంథింగ్ స్మెల్స్' అన్నడు. అందుకే గాలికి పెడుతున్న."

"రోజూనా?"

"రోజూ ఆంటీ. వాళ్ళు కూడా గంతే."

మిగిలిన రెండు గదుల్లోనూ అదే సంగతి. నేను తలుపుల కిందా గోడల్లోనూ వెతుకుతున్న కన్నం మూడు జాకెట్ల వెనక ఉంది.

ముగ్గురినీ కిందికి పిలిచి ఒప్పందం సంగతి చెప్పాను. ఇల్లు అమ్ముడుపోతే నాకు వాంకూవర్‌లో ఒక గది ఉంది, వాళ్ళకు మాత్రం మళ్ళీ పరుపులే.

"వాసన తప్పు కాదమ్మా. కిటికీతోనే నా పేచీ. రోజుకు ఎన్ని పోపులు పెడతారు మీరు?"

ముఖాలు చూసుకున్నారు. ముగ్గురివీ మూడు షిఫ్టులు. ఎవరు వచ్చినప్పుడు వాళ్ళు పప్పు వండుకుని, ఎవరి పోపు వాళ్ళు పెట్టుకుంటారు. ఎండుమిరపకాయ మాడితే పొగ అలారం కూస్తుందని ప్రతిసారీ వంటింటి కిటికీ తీసి, పైన ఫ్యాను వేసి వదిలేస్తారు. ఆ ఫ్యాను, గ్యాసుతో ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేస్ కాచిన గాలిని బయటికి తోస్తూనే ఉంటుంది.

"మరి వాసన రాకుండా పోపెలాగండీ? నీళ్ళలో పెడతామా?" అంది భీమవరం అమ్మాయి.

అనంతపురం అమ్మాయికి మాటలు తక్కువ. "ఒకటే సారి పెట్టి పంచుకుంటే చాలు కదా," అంది.

"పంచుకోవచ్చుగానీ, అందులో వెల్లుల్లి పడాలె," అంది కరీంనగర్ అమ్మాయి.

"వెల్లుల్లా? పప్పులో ఇంగువ పడకపోతే అది పప్పేనా? పప్పుచారులో మామిడికాయ ముక్క వేసిన చోట నీ వెల్లుల్లి తగిలితే..." అంది భీమవరం అమ్మాయి.

"ఇంగువ వాసనకే మా మేనేజర్ ఉరికిండు! గా వాసన నీదే, నాది కాదు."

నవ్వు ఆపుకోలేక నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. చివరికి తేలింది ఇదీ: సాయంత్రం అందరికీ ఒకే పోపు, మూత కింద. ఒకరోజు వెల్లుల్లి, ఒకరోజు ఇంగువ. ఫ్యాను పోపు వేగినంతసేపే. జాకెట్లు మేడ మీదికి రాకూడదు. ముందు వైపు అద్దాల పోర్చి హీటింగు లేకుండా ఎలాగూ గడ్డకట్టి ఉంటుంది, అక్కడ తాడు కట్టాను. వంటింటి తలుపు మూస్తే పోర్చిలోకి వాసన రాదు. ప్లాస్టిక్ పొరలు మళ్ళీ అంటించాను. ఈసారి వాళ్ళే హెయిర్ డ్రయ్యర్ పట్టుకున్నారు.

ఫిబ్రవరి బిల్లు వచ్చింది. ఐదు వందల నలభై ఎనిమిది.

మా అమ్మాయి ఆన్‌లైన్‌లో నాకన్నా ముందే చూసింది. "సారీ, అమ్మా. యూ ట్రైడ్. నేను ఏజెంట్‌తో మాట్లాడనా?"

"ఆగు," అన్నాను. తగ్గలేదంటే నమ్ముతాను. కిటికీలన్నీ మూసుకున్నాక పెరిగిందంటే నమ్మను. బిల్లును పైనుంచి కింది దాకా చదివాను. వాడకం పక్కన చిన్న అక్షరాల్లో 'అంచనా' అని ఉంది. ఆ నెల ఎవరూ వచ్చి మీటరు చూడలేదు. పోయినేడాది వాడకాన్ని బట్టి ఒక అంకె వేసి పంపారు.

బూట్లు తొడుక్కుని, పార పట్టుకుని, ఇంటి పక్క మంచు తోడుకుంటూ మీటరు దాకా వెళ్ళాను. అద్దం మీది మంచు చేతి తొడుగుతో తుడిచి అంకెలు చదివాను. ముప్పై రోజుల బిల్లు లెక్క ముగిసిన తేదీ దాటి ఆరు రోజులైంది. అయినా మీటరు ఇంకా బిల్లులో వేసిన అంకెను చేరుకోలేదు, ఎనభై తక్కువే ఉంది. అంటే ముప్పై ఆరు రోజులకు నాలుగు వందల అరవై ఎనిమిది. రోజుకు పదమూడు. నెలకు మూడు వందల తొంభై.

మీటరు ఫొటో తీసి కంపెనీకి పంపాను. సరిచేసిన బిల్లు వచ్చేదాకా మా అమ్మాయికి ఏమీ చెప్పలేదు. నా గుణకారం నాకు సాక్ష్యం కావచ్చు, ఎదుటివారికి కాదు. కొత్త బిల్లులో కూడా మూడు వందల తొంభై అని ఉండగా చూసుకుని అప్పుడు ఫోను చేశాను.

"బట్ ఈ వింటర్ అంత కోల్డ్ కాదు కదా, మా," అంది.

"కాదు. నిజమే. కానీ ఒప్పందంలో చలి మాట లేదు."

పెద్దగా నవ్వింది. "ఓకే, ఓకే. కీప్ ది హౌస్."

ఆ సాయంత్రం ముగ్గురినీ కూర్చోబెట్టి, వచ్చే ఏడాది కూడా గదులు ఉంటాయని చెప్పాను. కరీంనగర్ అమ్మాయి వెంటనే, "అద్దె ఆంటీ?" అంది.

"ఇప్పుడెంతో అంతే."

ఆ పిల్ల తల వంచుకుని కంచంలో అన్నం కలుపుకుంటూ ఉండిపోయింది. ఎంతసేపటికీ ముద్ద ఎత్తలేదు. భీమవరం అమ్మాయి మాత్రం ఊరుకోలేదు.

"అయితే ఆంటీ, ఈ సంతోషానికి ఒక్కసారి, ఒక్కసారేనండీ, కిటికీలన్నీ తీసుకుని చేపలు వేపుకుంటాం."

"మే నెలలో," అన్నాను.