ఆ రోజు మిల్లు కూత వెయ్యలేదు

మాస్టారు పోయారన్న కబురు నాకు బెజవాడ గవర్నర్‌పేటలో, నేను పనిచేసే బట్టల కొట్లో తెలిసింది. పెళ్ళివారికి చీరలు విప్పి చూపిస్తున్నాను. మాస్టారి నాటకంలో వేషం కట్టిన మిల్లు కూలీ నాగమ్మ వచ్చి గడప అవతలే నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు. "పామర్రు నించి మనిషొచ్చాడండీ. తెల్లారగట్ట పోయారంట, నిద్దట్లోనే" అంది. నేను తల ఊపి, చేతిలో ఉన్న చీర మడతపెట్టబోయాను. ఎన్నేళ్ళ నుంచో చేస్తున్న పని, ఎంతకీ మడత కుదరలేదు. పెళ్ళివారిలో పెద్దావిడ చీర నా చేతిలోంచి తీసుకుని తనే మడిచిపెట్టింది. "వెళ్ళిరండి బాబూ, మేం మళ్ళీ వస్తాంలే" అంది.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. అచ్చులో తన పేరు చూసుకోవడం ఆయనకి గిట్టేది కాదు. బెజవాడ నుంచి పామర్రు దాకా ఎరిగినవాళ్ళందరూ నాటకం మాస్టారనే అనేవారు. నిజానికి ఆయన బళ్ళో చరిత్ర పాఠం చెప్పిన మాస్టారు. అది మానేసి ఒక దినపత్రికకి విలేఖరి అయ్యారు. అదీ మానేశాక నాటకాల్లోకి వచ్చారు.

తెరలకి ముతకగుడ్డ కావాలని కొట్టుకి వచ్చినప్పుడు మొదటిసారి చూశాను. గుడ్డని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, అందులోంచి వీధిని చూస్తూ అలాగే ఉండిపోయారు. జట్కాలూ, బొగ్గుతో నడిచే బస్సూ, ఎదుటి లాడ్జి మెట్ల మీద ఎండా, అన్నీ ఆ నేతలోంచి నీళ్ళ అడుగున కదులుతున్నట్టు కనిపించి ఉంటాయి. ఎవరు నేశారని అడిగారు. పామర్రు దగ్గర మా ఊళ్ళో మా నాన్నే నేశాడని చెప్పాను. అయితే మీ ఊరు రావాలి అన్నారు. మాటవరసకి అన్నారనుకున్నాను. ఆ వారమే వచ్చారు.

ఎవరు ఏం చెప్పినా కళ్ళు మూసుకుని వినేవారు. నిద్రపోతున్నారేమోనని మనం ఆగితే, కళ్ళు తెరవకుండానే "ఆ తరవాత?" అనేవారు. చెప్పేవాళ్ళు కంగారుపడితే, "నిదానంగా చెప్పండి, నేనెక్కడికీ పోను" అనేవారు. చెప్పులు ఎక్కడ విడిచారో మాత్రం ఏనాడూ గుర్తుండేది కాదు. ప్రతి ఊళ్ళోనూ ఎవరివో ఒకరివి తొడుక్కుని బయల్దేరేవారు. ఆ ఊరివాళ్ళు ఆయన జత పట్టుకుని వెనకాల వచ్చేవారు.

ఆయన్ని నాటకాల్లోకి లాగిన సంగతి చెప్పాలి. యుద్ధం రోజులు. బెజవాడ శివార్లలో కాలవ ఒడ్డున ఒక బియ్యం మిల్లు ఉండేది. ధాన్యం ఉడకబెట్టే బాయిలర్ పాతబడిపోయింది. దాని దగ్గర నిప్పు చూసే వీరాస్వామి, ఇది మనుషుల్ని మింగుతుందని పైవాళ్ళకి చెబుతూనే ఉన్నాడు. ఒకరోజు గొట్టం పగిలి ఇద్దరు కూలీల ఒళ్ళు ఆవిరికి ఉడికిపోయింది. గొట్టానికి అతుకు వేసి మళ్ళీ నిప్పు రాజెయ్యమన్నారు. ఆడకూలీలు చేతుల్లో చాటలు కింద పెట్టేసి వచ్చి గేటు ముందు కూర్చున్నారు. మగవాళ్ళు వాళ్ళ వెనక కూర్చున్నారు. బాయిలర్ చల్లబడింది. ఉడికిన ధాన్యం వాసన విరిగిపోయి, ఆ పేటవాళ్ళకి ఎన్నాళ్ళకో కాలవ వాసన తెలిసిందట. రోజులు అలా గడిచాయి. ఒక మధ్యాహ్నం పోలీసులు వచ్చారు. కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. లాఠీలు లేచాయి. ఆడకూలీల్లో ఉన్న నాగమ్మ అక్క చంద్రమ్మ ఆ దెబ్బలకి చనిపోయింది.

మాస్టారు ఆ మధ్యాహ్నం అక్కడే ఉన్నారు. చూసింది చూసినట్టు రాసి పత్రికకి ఇచ్చారు. మర్నాడు అచ్చయింది వేరు. కూలీలు మిల్లు మీద పడ్డారనీ, తొక్కిసలాటలో ఒక స్త్రీ పడిపోయి మరణించిందనీ వచ్చింది. ఆఫీసుకి వెళ్ళి అడిగితే, మిల్లువారు చెప్పింది కూడా చూడాలి కదా అన్నారట. పోనీ రేపు సరిదిద్దండి అంటే, అచ్చయిపోయింది కదండీ అన్నారట. పట్టుకుపోయిన కూలీల మీద దొమ్మీ కేసు పెట్టారు. ఊళ్ళో నలుగురు కూడిన చోటల్లా ఆ పత్రికలో మాటలే నిజమై తిరిగాయి. "నేను పిల్లలకి చెప్పిన చరిత్రంతా కూడా ఇలాగే అచ్చయిందేమో" అని మాస్టారు ఒకసారి నాతో అన్నారు. ఆ తర్వాత ఆయన ఏ పత్రికకీ ఒక ముక్క రాయలేదు.

మా ఊళ్ళో నేతవాళ్ళు పడుగులు సాగదీసే తోట ఉంది. చెట్టు నుంచి చెట్టుకి తెల్లటి దారాలు, గంజి తడితో, పొద్దుటి ఎండలో మంచులా మెరుస్తూ ఉండేవి. ఆ దారాల మధ్య ఆ మిల్లు కథే నాటకమై పుట్టింది. వేషాలు వేసింది మిల్లు కూలీలే. ఎవరి పాత్ర వారిదే. వీరాస్వామి వీరాస్వామిగానే నిలబడ్డాడు. చంద్రమ్మ వేషం నాగమ్మకి వచ్చింది. మిల్లు మేనేజరు వేషానికి మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు. నాకు ఒక కోటు ఉండబట్టి అది నా మెడకి చుట్టుకుంది. ఆ కోటు వల్ల తర్వాత కొన్ని ఊళ్ళలో నాకు మజ్జిగ కూడా పుట్టలేదు.

చంద్రమ్మ మరణం దగ్గరికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. లాఠీ తగలగానే పడిపోవాలమ్మా, ఆఖరున కూర్చున్నవాళ్ళకి కూడా తెలియాలి అని మాస్టారు చెప్పారు. నాగమ్మ కదల్లేదు.

"పడిపోలేదండీ" అంది.

"ఏమిటమ్మా?"

"మా అక్క పడిపోలా. కూర్చుంది."

ఎలా కూర్చుందో చూపించమన్నారు. నాగమ్మ గేటు స్తంభం అనుకుని ఒక చెట్టుకి చెయ్యి ఆనించింది. మెల్లిగా కిందికి జారి, వీపు చెట్టుకి చేరేసి, ఎండ తగలకుండా కప్పుకున్నట్టు కొంగు తల మీదికి లాక్కుంది. అంతే. వెనకాల దారాలు గాలికి వణుకుతున్నాయి. గన్నవరం వైపు మిలిటరీ విమానం ఒకటి పోతున్న చప్పుడు వచ్చింది. ఎవరూ తలెత్తి చూడలేదు.

"పడిపోయిందని పేపరోళ్ళు రాశారు. మనమూ అదే ఆడితే ఇంక ఈ ఆటెందుకండీ?" అంది నాగమ్మ.

మాస్టారు వెళ్ళి ఆమె పక్కన నేల మీద కూర్చుని కళ్ళు మూసుకున్నారు. "ఆ తరవాత?" అన్నారు.

"తరవాతేముందండీ. లేవలేదు."

మొదటి ఆట పామర్రులో, సంత రోజు, పొద్దు వాలుతుండగా ఆడాం. ధాన్యం బళ్ళవాళ్ళూ, కూరలవాళ్ళూ, మూటలు సర్దుకుంటున్న బట్టల వ్యాపారులూ అందరూ నేల మీద కూర్చున్నారు. పెట్రోమాక్స్ లైటు చుట్టూ పురుగులు పొగలా తిరుగుతున్నాయి. నాగమ్మ స్తంభానికి చెయ్యి ఆనించి కూర్చుంది. వెనకవాళ్ళకి ఆమె కనపడలేదు. ఒకాయన చూద్దామని లేచి నిలబడ్డాడు. అతని వెనకాయన లేచాడు. గాలి వీస్తే వరిచేను లేచినట్టు సంతంతా లేచి నిలబడింది. కోటు తొడుక్కుని వేదిక మీద నిలబడి నేను అదంతా చూశాను. చప్పట్లు లేవు, ఏడుపు లేదు. అలా నిలబడే ఉన్నారు.

ఆ నిశ్శబ్దానికి మాస్టారు భయపడ్డారని ఇప్పుడు అనిపిస్తుంది. జనం ఏడవలేదేమిటి, వాళ్ళకి అందలేదా అని దారంతా అడుగుతూనే ఉన్నారు. రెండో ఆటకి ఒక ముక్క కలిపారు. చంద్రమ్మ అలా కూర్చోగానే వీరాస్వామి లోపలికి పరిగెత్తి కూత గొలుసు లాగుతాడు. మిల్లు పొడుగ్గా కూత వేస్తుంది. తెర వెనక మేం బాకా ఊదేవాళ్ళం. ఆ కూతకి జనం ఘొల్లుమన్నారు. ఆ తర్వాత ఏ ఊళ్ళో ఆడినా ఆ కూత కోసమే కాచుకున్నారు. నిజంగా ఆ రోజు కూత వెయ్యలేదు. వెయ్యడానికి బాయిలర్‌లో ఆవిరి లేదు. మాకందరికీ తెలుసు. నాటకం కదా అనుకున్నాం.

బెజవాడ కోర్టులో కేసు విచారణకి వచ్చేసరికి ఆ నాటకం డెల్టా అంతా తిరిగింది. బాయిలర్ సంగతి ముందే పైవాళ్ళకి చెప్పానని సాక్ష్యం చెప్పగలిగినవాడు వీరాస్వామి ఒక్కడే. బోనులో నిలబడి అంతా సరిగ్గానే చెప్పాడు. చివరికి, చంద్రమ్మ కూర్చోగానే నేను పోయి కూత వేశానండీ అన్నాడు. మిల్లు తరఫు ప్లీడరు లేచి, అప్పటికి బాయిలర్ చల్లారిపోయిందా అని అడిగారు. అవునన్నాడు. ఆవిరి లేకుండా కూత ఎలా వచ్చిందని అడిగారు.

వీరాస్వామి తన అరచెయ్యి చూసుకున్నాడు. "వేశానండీ. గొలుసు వేడిగా తగిలింది. ఇదిగో, ఇక్కడ ఇంకా తెలుస్తుంది" అన్నాడు.

కోర్టులో నవ్వారు. ఆ నవ్వులో అతను బాయిలర్ గురించి చెప్పిన నిజం కూడా కొట్టుకుపోయింది. అతను అబద్ధమాడలేదు. ఊరూరా సాయంత్రాల్లో లాగిన గొలుసు ఆ మధ్యాహ్నంలోకి వెళ్ళి చేరింది.

మాస్టారు మా ప్లీడరుని పట్టుకుని తనూ సాక్ష్యం ఇస్తానన్నారు. బోనెక్కి, "ఆ కూత ఈయన అబద్ధం కాదు. నేను రాసింది. నేనే ఆయన చేత లాగించాను" అన్నారు. మరి మిగతాది కూడా మీరు రాసిందేనా అని మిల్లు ప్లీడరు అడిగారు. మిగతాది వాళ్ళు చెప్పింది అన్నారు. ఏది మీది, ఏది వాళ్ళది, మేం ఎలా పోల్చుకోవాలి అన్నారు ప్లీడరు. మాస్టారు కళ్ళు మూసుకుని నిలబడ్డారు.

కూలీల్లో చాలామందిని వదిలేశారు. గేటు దగ్గర మగవాళ్ళలో ముందు వరసలో ఉన్న కొందరికి శిక్ష పడింది. వాళ్ళలో నాగమ్మ భర్త ఒకడు. చప్పుడు లేకుండా మిల్లులో కొత్త బాయిలర్ దించారు. పత్రిక ఏమీ సరిదిద్దలేదు. తీర్పు వచ్చిన సాయంత్రం మాస్టారు నాగమ్మ ఇంటికి వెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను. గడప దగ్గరే నిలబడ్డారు. నాగమ్మ పొయ్యి ముందు నుంచి లేచి వచ్చింది.

"మీరు తప్పు చేశారండీ" అంది. మళ్ళీ పొయ్యి వైపు తిరుగుతూ, "రేపు ఆట ఏ ఊళ్ళో?" అని అడిగింది.

వీరాస్వామి రావడం మానేశాడు. వీధిలో పిల్లలు అతన్ని చూసి కూత వేసేవారట. మాస్టారు వెళ్ళి అతని అరుగు మీద కూర్చున్నారు. మళ్ళీ మర్నాడూ వెళ్ళారు. ఏమీ అడగలేదట. ఇద్దరూ చుట్ట కాల్చుకుంటూ కూర్చునేవారు. ఒకరోజు వీరాస్వామే, "మరి ఇప్పుడు నేనేం చెయ్యాలండీ ఆటలో?" అన్నాడు. మాస్టారు, "ఆ రోజు మీరేం చేశారో అదే" అన్నారు. వీరాస్వామి ఆలోచించి ఆలోచించి, "ఏం చెయ్యలేదండీ. నిలబడి చూశాను" అన్నాడు. ఆ తర్వాత ఆటల్లో అతను అదే చేశాడు. చేతులు రెండూ ఖాళీగా వేలాడేసుకుని నిలబడేవాడు. అంత బాగా నటించినవాణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆట మొదలయ్యే ముందు మాస్టారు తెర ముందుకి వచ్చి జనంతో చెప్పేవారు. ఇందులో మిల్లు కూత వేస్తుందని మీరు విని ఉంటారు. ఆ రోజు వెయ్యలేదు. నేను అక్కడున్నాను. కాలవలో నీళ్ళు కదిలిన చప్పుడు వినిపించింది. అంతే చెప్పి పక్కకి తప్పుకునేవారు. జనానికి నచ్చలేదు. కూతేదని కేకలు వేసిన ఊళ్ళున్నాయి. గన్నవరంలో ఒక ముసలాయన లేచి, మీరెవరండీ లేదనడానికి, ఆ రోజు నేను పొలంలో ఉన్నాను, నా చెవులతో విన్నాను అన్నాడు. ఎంతో శాంతంగా, కళ్ళనిండా నీళ్ళతో అన్నాడు. మాస్టారు ఆయనతో వాదించలేదు. తిరిగి వస్తూ బస్సులో, "పత్రికవాళ్ళది అచ్చు తప్పు. నాది వినికిడి తప్పు. ఏది ముందు చెరుగుతుందంటావు?" అని నన్ను అడిగారు.

కొన్నాళ్ళకి సర్కారువారు అలాంటి నాటకాలు ఆడకూడదన్నారు. మేం తలోదారీ అయ్యాం. మాస్టారికి ఛాతీ జబ్బు పట్టుకుని పామర్రులో చెల్లెలి ఇంటికి చేరారు. మొన్న చలికాలంలో చూడటానికి వెళ్ళాను. కిటికీ పక్కన దుప్పటి కప్పుకుని పడుకున్నారు. ఆ మొదటి ఆట సంగతి చెప్పమని అడిగారు. చెప్పాను. కళ్ళు మూసుకుని విన్నారు. అంతా అయ్యాక, "జనం నిజంగా లేచి నిలబడ్డారా? లేకపోతే అది కూడా నేనే కల్పించుకున్నానా?" అన్నారు.

"నిలబడ్డారండీ. నేను వేదిక మీదున్నాను" అన్నాను.

"కోటు తొడుక్కునే ఉన్నావు కదా?"

"తొడుక్కునే ఉన్నానండీ."

"అయితే సరే" అన్నారు. ఆ మాటతో ఆయన ముఖం చిన్నపిల్లవాడి ముఖంలా తేటపడింది. అదే నేను ఆయన్ని చివరిసారి చూడటం.

కబురు తెచ్చిన నాగమ్మా, వీరాస్వామీ, నేనూ కలిసి బస్సులో పామర్రు వెళ్ళాం. మిల్లు నుంచి మరికొందరు ఆడవాళ్ళు కూడా వచ్చారు. అంతా అయ్యాక కాలవలో మునిగి, ఒడ్డున తడిబట్టలతో నిలబడ్డాం. ఎండ పల్చబడి తేనెరంగులోకి తిరిగింది. ఊక కుప్పగా పోసుకున్న పడవ ఒకటి మెల్లిగా వెళుతోంది. సరంగు తెడ్డు వెయ్యకుండా ప్రవాహానికే వదిలేశాడు. గాలి తిరిగి ఊక పైకి లేచింది. ఎండలో బంగారు పొడిలా కాలవ మీద కాసేపు తేలి, నీళ్ళ మీదా, మా తడి జుట్ల మీదా దిగింది. పడవ వంపు తిరిగి కనపడకుండా పోయేదాకా ఎవరూ దాన్ని దులుపుకోలేదు.