అరువుల మామగారు

మా మామగారికి ఒకటే జబ్బు. ఇంట్లో ఉన్న వస్తువు ఆయన చేతికి ఆనదు. పొరుగింటి నుంచి అరువు తెస్తేనే పని సాగుతుంది. తెచ్చేది మాత్రం ఆయన కాదు, నేను.

ఆయన నలభై ఏళ్లు వడ్రంగం చేసిన మనిషి. పెరటి షెడ్డులో ఏడు సుత్తులు, నాలుగు రంపాలు వరసగా ఉంటాయి. నేనేమో వేరే దేశం నుంచి వచ్చి, ఇక్కడి బస్ డిపోలో మెకానిక్కుగా చేరి, ఆయన కూతుర్ని పెళ్లాడి ఆ ఇంట్లో కాలుపెట్టినవాణ్ణి. అప్పటికి నాకు వచ్చిన ఇక్కడి మాటలు ముప్ఫై. వాటిలో పది మా ఆవిడతో తప్ప ఎవరితోనూ అనకూడనివి.

మూడో రోజే పిలుపొచ్చింది.

"అల్లుడూ, ఎదురింటి మాస్టారి దగ్గర సుత్తి పట్టుకురా."

"షెడ్డులో ఏడున్నాయి కదండీ."

"అవి పాతవి. ఈ మేకు కొత్తది."

ఇందులో తర్కమేమిటో నాకిప్పటికీ అంతుపట్టలేదు. వెళ్లాను. రిటైరైన మాస్టారు తలుపు బెత్తెడు తెరిచి, నన్ను ఎగాదిగా చూసి, నా ఉచ్చారణ దిద్ది, మూడుసార్లు చెప్పించి సుత్తి ఇచ్చారు. తిరిగివ్వడానికి వెళ్తే గంటన్నర వ్యాకరణం చెప్పారు. ఒక సుత్తి తెచ్చినందుకు ఇంకో రకం సుత్తి దెబ్బలు తిన్నాను.

తర్వాత మూలమీది రొట్టెల కొట్టు నుంచి నిచ్చెన. డ్యూటీ దిగి, గ్రీజు బట్టలతో దాన్ని భుజానికెత్తుకుని వీధంతా నడిచి వస్తే తీరా దానిమీద మామగారి పేరే చెక్కి ఉంది.

"ఇది మీదేనండీ. ఎప్పుడో ఆ కొట్టాయనే మీ దగ్గర తీసుకున్నట్టున్నాడు."

"అయితే ఇంకా జాగ్రత్తగా తిరిగిచ్చెయ్," అన్నారు.

ఒళ్లు మండి మా ఆవిడతో అన్నాను. "మీ నాన్న నన్ను వీధిలో అడుక్కునేవాణ్ణి చేశారు."

"నాకూ వింతగానే ఉంది," అంది. "మన పెళ్లికి ముందు నాన్న ఎవరినీ గుక్కెడు మంచినీళ్లు కూడా అడగలేదు."

అంటే ఈ జబ్బు నాతోనే మొదలైందన్నమాట. నా మంట రెండింతలైంది.

రెండేళ్లు గడిచాయి. ఈ దేశంలో ఉండే అనుమతి పొడిగించమని అర్జీ పెట్టుకున్నాను. మాది కాగితాల కోసం చేసుకున్న దొంగ పెళ్లని ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు. ఒకరోజు పొద్దున్న పదింటికి చంకలో ఫైలుతో ఆఫీసరు దిగాడు. మమ్మల్ని ఏమీ అడగకుండా నేరుగా ఇరుగుపొరుగు తలుపులు తట్టడం మొదలుపెట్టాడు. ఆయన వద్దని రాస్తే నేను పెట్టె సర్దుకోవాలి. మా ఆవిడ నా చెయ్యి వదలలేదు. ఇద్దరం గుమ్మంలో నిలబడి వింటున్నాం.

"ఆయన నిజంగా ఇక్కడే ఉంటున్నాడా?"

"ఉంటున్నాడా అంటారేమిటండీ," అన్నారు మాస్టారు. "నా సుత్తి వారం నుంచి ఆయన దగ్గరే ఉంది. అడిగితే రేపిస్తానన్నాడు. ఆ 'రేపు' మాత్రం చక్కగా పలికాడు."

పక్క వాటాలో బట్టలు కుట్టే ఆవిడ ఇంకా గట్టిగా అందుకుంది. "నా టేపు తీసుకున్నాడు. తిరిగిచ్చేటప్పుడు పెళ్లానికి చలికోటు కుట్టమన్నాడు. భుజం కొలత మర్చిపోయి ఇంటికి రెండుసార్లు పరుగెత్తాడు. దొంగ పెళ్లికి ఎవడండీ అంత ఆయాసపడేది?"

రొట్టెల కొట్టాయన చేతులు దులుపుకుంటూ బయటికొచ్చి వీధంతా వినపడేలా అందుకున్నాడు. "ఆ అల్లుడేగా. నిచ్చెనతో నా గాజు తలుపుకి ఎసరు పెట్టాడు. ఎక్కడుంటాడని నన్నడుగుతారా? ఎప్పుడు చూసినా నా కొట్టు ముందే ఉంటాడు."

ఆఫీసరు నాలుగు పేజీలు నింపి ఫైలు మూశాడు. "ఇన్ని ఫిర్యాదులున్న మనిషి ఇక్కడివాడే అయ్యుంటాడు," అని వెళ్లిపోయాడు. నెల తిరక్కుండా అనుమతి చేతికొచ్చింది.

ఆ రోజు అత్తగారు చెప్పారు. "మీ పెళ్లి కుదిరినప్పుడు వీధిలో సగంమంది మాతో మాటలు మానేశారు బాబూ. బయటివాణ్ణి తెచ్చుకున్నామని. నేను నాలుగు దులుపుదామన్నాను. ఈయన వద్దన్నారు. పోట్లాడితే తలుపులు మూసుకుంటారు, ఏదైనా అడిగితే తెరవక తప్పదు, ఇచ్చాక అది తిరిగొచ్చేదాకా వాణ్ణి మర్చిపోలేరు అన్నారు."

షెడ్డులోకి వెళ్లాను. మామగారు చెక్కకు చిత్రిక పడుతున్నారు.

"మామగారూ, ఇదంతా నాకోసమేనా?"

"ఆవిడ మాటలు నమ్మకు. అడ్డు జరుగు, వెలుతురు రావట్లేదు."

ఎంత ఒళ్లు మండిందో చెప్పలేను. మనిషికి కృతజ్ఞత చెప్పుకునే వీలైనా ఇవ్వాలి కదా.

ఆ ఆదివారం ఎవరో తలుపు తట్టారు. తీస్తే మాస్టారు, మెట్ల కింద స్కూటరు నిలబెట్టి వచ్చి ఆయాసపడుతున్నారు.

"మామగారు పెరట్లో ఉన్నారండీ, పిలుస్తానుండండి."

"ఆయనతో నాకేం పని? ఇది స్టార్టవడం లేదు. మన వీధిలో మెకానిక్కంటే నువ్వేగా."

నేను చొక్కా చేతులు పైకి మడుచుకుని మెట్లు దిగాను. పెరటివైపు నుంచి మామగారి దగ్గు వినిపించింది. ఆయనకు జలుబు లేదు.