ఐదు రోజుల శిక్షణ అని రాసి ఉన్నచోట

డిపోలో ఆయన్ని అందరూ నాడి మేస్త్రి అంటారు. ఇరవై ఎనిమిదేళ్లుగా డీజిలు ఇంజన్ల మీద పొడవాటి స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల ఏ బేరింగు అరిగిందో, ఏ వాల్వు బిగుసుకుందో చెప్పేసేవాడు. "ఎన్నాళ్లు బతుకుతుంది డాక్టరుగారూ?" అని డ్రైవర్లు ఎగతాళి చేస్తే, "నీకంటే నాలుగేళ్లు ఎక్కువే" అనేవాడు. అన్నేళ్ల చాకిరీకి ఆ ఇంజన్లు ఆయనకు అంటగట్టింది ఒక దగ్గు. పొద్దున లేస్తూనే రుమాలులో నల్లటి తెమడ పడేది. భార్య ఆ రుమాళ్లను విడిగా నానబెట్టేది.

అందుకే, మూడేళ్లలో డీజిలు బస్సులన్నిటినీ తీసేసి విద్యుత్ బస్సులు తేవాలని నగరపాలక మండలి తీర్మానించినప్పుడు సంతోషించినవాళ్లలో ఆయన కూడా ఉన్నాడు. మొదటి పద్నాలుగు బస్సులు వచ్చిన నెలకే దగ్గు సగానికి సగం తగ్గింది. ఈ సంగతి ముందుగానే చెబుతున్నాను. నేను రాస్తున్నదాన్ని ఆ బస్సులకు వ్యతిరేకంగా ఎవరూ వాడుకోకూడదు. ఆ బస్సులు రావాలి. ఇంకా త్వరగా రావాలి. వాటిని ఎవరి చేతుల్లో పెడుతున్నారన్నదే ఇక్కడి ప్రశ్న.

ఆ చేతులు భయపడుతున్నాయి. బస్సులు వచ్చిన మొదటి వారం నాడి మేస్త్రి అలవాటు కొద్దీ స్క్రూడ్రైవరు తీసుకెళ్లి మోటారు మీద ఆనించాడు. ఏమీ వినిపించలేదు. బస్సు నిద్రపోతున్నదో, మేలుకుని చూస్తున్నదో తెలియలేదు. ఒకసారి వెనక నుంచి చప్పుడు లేకుండా వచ్చిన బస్సు భుజానికి తగిలేదాకా ఆయనకు తెలియలేదు. ఆ రోజు నుంచి షెడ్డులో నడుస్తూ మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసుకోవడం అలవాటైంది. పైకప్పు మీది బ్యాటరీల నుంచి దిగే నారింజ రంగు తీగలను చూస్తే అరచేతులు చెమర్చేవి. ఎవరితోనూ అనలేదు. పాతికమందికి పని నేర్పిన మేస్త్రి బస్సంటే భయమని ఏ నోటితో చెబుతాడు?

మండలి తీర్మానంలో పదకొండో నిబంధన ఒకటి ఉంది. అధిక వోల్టేజి భాగాలను ముట్టుకునే ప్రతి కార్మికుడికీ ఐదు పూర్తి రోజుల శిక్షణ అందేదాకా ఆ డిపో నుంచి విద్యుత్ బస్సు రోడ్డెక్కరాదు. ఆ ఒక్క వాక్యం చేర్పించడానికి కార్మికుల భద్రత కోసం తిరిగే మేము కొందరం పద్నాలుగు నెలలపాటు మండలి మెట్లు అరిగేలా తిరిగాం. వాక్యం చేరింది. ఈ డిపోకు వచ్చిన శిక్షణ మాత్రం ఇది: ఒక బుధవారం పది గంటలకు బస్సుల కంపెనీ మనిషి ఒకడు వచ్చాడు, గోడ మీద బొమ్మలు చూపే యంత్రం గంటసేపు మొరాయించింది, మిగిలిన రెండు గంటల్లో అతడు నూటనలభై బొమ్మలు తిప్పేసి ఒంటిగంటకు భోజనానికని లేచాడు. మళ్లీ రాలేదు. గురువారం బస్సులు రోడ్డెక్కాయి.

ఆ డిపోలో పాత కట్టుబాటు ఒకటి ఉంది. ఎప్పుడో ఒక మెకానిక్ బస్సు కింద పడుకుని పనిచేస్తుండగా డ్రైవరు చూసుకోకుండా ఇంజను స్టార్టు చేశాడు. ఆ మనిషి మళ్లీ లేవలేదు. అప్పటినుంచి బండి మీద చేయి వేసేవాడు ముందుగా తాళం తీసి తన జేబులో వేసుకోవాలి. కొత్తగా చేరినవాడికి నాడి మేస్త్రి చెప్పే మొదటి పాఠం అదే. తాళం జేబులో లేకుండా పానా పట్టుకున్నవాడి వీపు ఆయన చేతిలో మోగేది. డీజిలు బస్సుకు ఆ కట్టుబాటు ప్రాణరక్ష. విద్యుత్ బస్సులో తాళం తీస్తే ఆగేది చక్రాలే. బ్యాటరీ పక్కనున్న పెట్టెలో ఆరువందల వోల్టులు అలాగే కాచుకుని ఉంటాయి. వాటిని విడదీసే ప్లగ్గు వేరే ఉంది. దాన్ని లాగి, పది నిమిషాలు ఆగి, మీటరుతో చూసుకుని, అప్పుడు పానా పట్టాలి. అది శిక్షణలో రెండో రోజు పాఠం. రెండో రోజు జరగలేదు.

మంగళవారం పొద్దున ఏడున్నరకు ఒక బస్సులో చల్లగాలి ఆగిపోయింది. మేనేజరు షెడ్డులోకి పరుగున వచ్చాడు.

"మేస్త్రిగారూ, ఎనిమిదిన్నరకల్లా ఇది గేటు దాటాలి. ఈ వారం మన బస్సులు రోడ్డెక్కే శాతం పడిపోతే పైవాళ్లు నన్ను నిలబెట్టి కడిగేస్తారు."

"ఇది మనకు తెలిసిన పని కాదేమో సార్."

"మీకు తెలియని పని ఉందా? ఊరుకోండి."

ఆ పొగడ్తకు పడిపోయి ఆయన నిచ్చెన తెప్పించాడు. నిచ్చెన ఎక్కింది ఆయన బావమరిది, భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. ఆరేళ్ల క్రితం ఆయనే తీసుకొచ్చి ఆ డిపోలో పెట్టాడు. పైకప్పు మీద చల్లగాలి యంత్రానికి కరెంటు పంపే పెట్టె మూత తీసి, నారింజ తీగలు చూసి, వాడు ఆగాడు.

"బావా, విప్పనా?"

"తాళం నీ జేబులోనే ఉందిగా?"

"ఉంది."

"ఇంకేం? కానియ్."

తెల్లటి మెరుపు, పెద్ద పేలుడు. ఆ బస్సు నోట నాడి మేస్త్రి విన్న మొదటి చప్పుడు అదే. నిచ్చెన మీద నుంచి పడినవాడి కుడిచేతిని చూసి ఆయన తల పక్కకు తిప్పుకున్నాడు. వెంటనే సిగ్గుపడి మళ్లీ చూశాడు.

ఆసుపత్రిలో కుర్రవాడికి చేతికీ కళ్లకూ కట్లు కట్టారు. చేయి నిలబడుతుంది, కళ్ల సంగతి కట్లు విప్పాక గాని చెప్పలేమన్నారు. అక్క నీళ్లకోసం బయటికి వెళ్లినప్పుడు వాడు ఎడమచేత్తో తడుముతూ బావ మణికట్టు పట్టుకున్నాడు.

"బావా, నువ్వు కానియ్యన్నావని అక్కకు చెప్పకు. నేనే తొందరపడ్డానన్నాను. లేకపోతే నీకు జన్మలో తిండి పెట్టదు."

నవ్వబోతే కట్టు కింద నొప్పెట్టి మూలిగాడు.

గురువారం మేనేజరు నాడి మేస్త్రిని గదిలోకి పిలిచాడు. తలుపు వేశాడు. బల్ల మీద కొత్త రిజిస్టరు తెరిచి ఉంది. పైన ఒక వాక్యం అచ్చువేసి ఉంది: "నేను ఐదు పూర్తి రోజుల శిక్షణ పొందితిని, అధిక వోల్టేజి పనిలోని ప్రమాదములను, జాగ్రత్తలను సంపూర్ణముగా గ్రహించితిని." కింద పదిహేను పేర్లు. పక్కన తేదీలు అప్పటికే నింపి ఉన్నాయి, ప్రమాదానికి నలభై రోజుల ముందువి. సంతకాల గడి మాత్రం ఖాళీ. ఒక్క వాక్యంలో మూడు అబద్ధాలు, పక్కన నాలుగోది. వాటిని నిజం చేయడానికి కావలసింది సంతకాలు మాత్రమే.

"సోమవారం విచారణ వాళ్లొస్తున్నారు. ఇదొక్కటి మిగిలిపోయింది, అంతే. ముందు మీరు పెడితే మిగతావాళ్లు పెడతారు."

"ఇది పెడితే మావాడికి అంతా తెలిసినట్టే కదా సార్? తెలిసి తెలిసి వాడే నిర్లక్ష్యం చేశాడంటారు."

"అది విచారణవాళ్లు చూసుకుంటారు. పెట్టకపోతే ఏమవుతుందో చెప్పనా? పద్నాలుగు బస్సులూ ఆగిపోతాయి. ఊరంతా మళ్లీ ఆ పొగ మింగాలి. మీ దగ్గు మీకు గుర్తులేదా?" మేనేజరు గొంతు తగ్గించాడు. అతని నుదుటి మీద చెమట పట్టి ఉంది. "ఇంకో మాట. ఆ రోజు ఆ పనికి పెద్ద ఎవరు మేస్త్రిగారూ? మీరే కదా. శిక్షణ లేదని తేలితే, లేకుండా పైకి ఎక్కించిందెవరని అడుగుతారు. రేపు పది గంటలదాకా ఆలోచించుకోండి."

ఊళ్లోవాళ్ల ఊపిరిని అడ్డం పెట్టుకుని ఒక కార్మికుడి నోరు నొక్కడం నేను చూసిన బెదిరింపులన్నిటిలోకీ నీచమైనది. నిబంధనను పాటిస్తే ఆగేవి పద్నాలుగు బస్సులు, అదీ వారం రోజులే. ఆ వారాన్ని మిగుల్చుకోవడానికి ఒకడి కళ్లు పణంగా పెట్టారు.

ఇంటికి వెళ్లాక ఆయన అన్నం కలిపి, కలిపిందే కలుపుతూ కూర్చున్నాడు. భార్యకు రిజిస్టరు సంగతి చెప్పాడు.

"పెట్టేయండి. పెద్దవాళ్లతో మనకెందుకు? వాడెలాగూ మంచాన పడ్డాడు, మీరూ ఇంట్లో కూర్చుంటే?" ఆమె మజ్జిగ గిన్నె ఆయన వైపు జరిపింది. "నాకు భయమేస్తోంది."

"పెడితే తప్పంతా మీ తమ్ముడిదవుతుంది."

"వాడిదేనన్నాడుగా. తొందరపడ్డానన్నాడు."

ఆయన చేయి కడుక్కున్నాడు. "వాడు ఆగాడే. విప్పనా అని అడిగాడు. తాళం జేబులో ఉందిగా, కానియ్ అన్నాను. నేనే అన్నాను."

ఆమె కంచం తీసి, మళ్లీ అక్కడే పెట్టింది.

"వాడికి గుర్తుందా, మీరన్నట్టు?"

"ఉంది. నీకు చెప్పొద్దన్నాడు."

"వాడంటే పిల్లవాడు, దాస్తాడు. మీకేం వచ్చింది?" అంది. కంచం తీసుకుని లేస్తూ, "నా ముఖం చూడకండి. రేపు ఆ కాగితం మీద కూడా నాకు చెప్పినట్టే చెప్పండి" అని లోపలికి వెళ్లిపోయింది.

శుక్రవారం పది గంటలకు షెడ్డు మధ్యలో బల్ల వేశారు. పద్నాలుగు మంది వరుసలో నిలబడ్డారు. ముందు నాడి మేస్త్రి. కలం అందుకుని మోచేయి బల్లకు ఆనించుకున్నాడు. సంతకాల గడి చిన్నది. గడి దాటి, పక్కనున్న అంచులో, అడ్డంగా రాశాడు:

"నాకు ఇచ్చిన శిక్షణ ఒక్క పూట. అందులో గంటసేపు యంత్రం పనిచేయలేదు. ఈ తేదీన ఏ శిక్షణా జరగలేదు. మంగళవారం పెట్టె విప్పమన్నది నేను. తాళం తీస్తే కరెంటు పోతుందనుకున్నాను. ఈ బస్సుల మీద తెలియకుండా చేయి వేయడానికి నాకు భయంగా ఉంది." కింద సంతకం, ఆ రోజు తేదీ.

మేనేజరు బల్లకు అవతలినుంచి తలకిందులుగానే చదివి ముఖం మాడ్చుకున్నాడు. "భయమని ఎవరైనా రిజిస్టరులో రాస్తారా?"

"ఉన్నదదే కదా సార్."

వెనకనున్న మనిషి ఆయన ముఖంలోకి చూడకుండా వచ్చి, అచ్చు వాక్యం కింద గబగబా సంతకం గీకి వెళ్లిపోయాడు. ఆ తర్వాతివాడూ అంతే. ఒంటరిగా మిగిలిపోయానని మేస్త్రికి అర్థమైంది. అయినా బల్ల దగ్గరినుంచి కదల్లేదు.

నాలుగో మనిషి బస్సులు కడిగే ఆమె, డిపోలో అందరికీ అక్క. కాగితం మీద పదిహేను మంది మెకానిక్కులు ఉండాలి గనక ఆమె పేరు కూడా వాళ్లలో వేశారు. చీర కొంగుకు తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి బల్ల మీదికి వంగింది.

"తమ్ముడూ, ఏం రాశావు? చదువు, నాకు రాదుగా."

ఆయన చదివాడు.

"నాకు ఆ ఒక్క పూట కూడా లేదే. మీరంతా బొమ్మలు చూస్తుంటే నేను చక్రాలు తోముతున్నా. అది రాయి."

"అక్కా, ఉద్యోగానికే ఎసరొస్తుందేమో చూసుకో."

"ఉద్యోగం సంగతి తర్వాత. నీళ్ల పైపు పట్టుకుని ఆ పెట్టెల చుట్టూ తిరిగేది నేనే కదరా. ఏ మూత తెరిచుందో, ఏది మూసుందో నాకెవడు చెప్పాడు?"

నాడి మేస్త్రి తల ఎత్తి ఆమెను చూశాడు. ఇన్నాళ్లూ తన చేతుల గురించే భయపడ్డాడు. ఆమె చేతిలో నీళ్ల పైపు ఉంటుందన్నది ఒక్కసారి కూడా తట్టలేదు. మేనేజరు రిజిస్టరు వైపు చేయి చాచాడు. మేస్త్రి దానిమీద తన అరచేయి పరిచి ఉంచాడు.

"ఒక్క నిమిషం సార్. అక్కా, రోజుకు ఎన్ని బస్సులు కడుగుతావు?"

"ఉన్నవన్నీ."

"ఎప్పటినుంచి?"

"వచ్చిన రోజునుంచి."

ఆయన అదీ రాశాడు. ఆమె బొటనవేలికి సిరా రాసి, గడిలో కాకుండా, తాను రాసినదాని పక్కన వేలిముద్ర వేయించాడు.