దండం పెట్టే ఇల్లు

సిరిసిల్లలో మరమగ్గాలు బాగుచేసే పర్శరాములుకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మనవరాలి కోసం తెచ్చిన చేపలతొట్టిలో నీళ్లు ఒకవైపు అంచుదాకా వచ్చి, మరోవైపు రెండు వేళ్లు దిగి కనిపించాయి. తొట్టి కింది బల్ల చేసిన వడ్రంగిని గల్లీ అంతా వినేలా తిట్టాడు.

భార్య నర్మద ఒక నిమ్మకాయ తెచ్చి నేల మీద పెట్టింది. అది దొర్లుకుంటూ పోయి ఈశాన్యం మూలలో ఆగింది.

"గీ నేల గిట్ల పోసిన మేస్త్రి ఎవడే?"

"గా మేస్త్రి వద్దు వద్దంటుంటే, వాస్తు అనుకుంట ఈశాన్యానికి వాటం పెట్టిపిచ్చింది నువ్వే."

పర్శరాములు మీసం సవరించుకున్నాడు.

"ఇల్లు ఒంగలేదే. దేవుని మూలకు దండం పెడ్తాంది," అంటూ బల్లకాళ్ల కింద పెట్టడానికి చెక్కముక్క అందుకున్నాడు.

"అయితే చేపలను గూడ దండం పెట్టుకోనీ," అని నర్మద ఆ చెక్కముక్క లాక్కుంది.