టేపక్క అడగలేని ప్రార్థన

బట్టలు కుట్టే ఆమెను వీధిలో అందరూ టేపక్క అంటారు. కొలతల టేపు మెడలో ఉండగానే చర్చికి వెళ్లేది. "దేవుడికీ కొలతలు తీస్తావా?" అని పాస్టరమ్మ నవ్వితే, "ఆయనకు సరిపడా గుడ్డ ఎక్కడ దొరుకుతుందమ్మా?" అనేది.

భర్త వేరే ఆమెతో వెళ్లిపోయాడు. బట్టలు సర్దుకుని, తన తాళంచెవి కుట్టుమిషను మీద పెట్టి వెళ్లాడు. అప్పటినుంచి టేపక్కకు ప్రార్థన రాలేదు. చర్చిలో అందరితోపాటు కళ్లు మూసుకునేది. లోపల మాట పుట్టేది కాదు. పనీ అంతే. చొక్కా కుడి చెయ్యి ఎడమవైపు కుట్టి, విప్పి, మళ్లీ అలాగే కుట్టింది.

ఆడబిడ్డ అన్నతో మాటలు మానేసి, వదినకు తోడుగా వచ్చి ఉంది.

ఒక మధ్యాహ్నం పాస్టరమ్మతోపాటు చర్చి ఆడవాళ్లు ప్రార్థన చేయడానికి ఇంటికొచ్చారు. అందరూ ఒకటే అడిగారు: ప్రభువా, ఈమె భర్తను తిరిగి తీసుకురా. ప్రేమతోనే అడిగారు. తన వంతు వచ్చేసరికి టేపక్క లేచింది. "పొయ్యి మీద పాలున్నాయి," అని వంటింట్లోకి వెళ్లింది.

ఆడబిడ్డ వెనకాలే వచ్చింది. పొయ్యి మీద గిన్నె కూడా లేదు.

"పాలేవి వదినా? పొంగి వీధిలోకి పోయాయా?"

టేపక్కకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"మీ అన్నయ్య రావాలని అడగలేను. రావద్దనీ అడగలేను. ఇంక దేవుడితో ఏం మాట్లాడను?"

"నాకూ ప్రార్థనలు పెద్దగా రావు. కానీ యేసయ్యను పట్టిచ్చిందెవరు? పక్కన కూర్చుని తిన్నవాడే కదా. నమ్మినవాళ్లు మోసం చేస్తే ఎలా ఉంటుందో ఆయనకు నువ్వు విడమరిచి చెప్పక్కర్లేదు వదినా."

టేపక్క పొయ్యి గట్టుకు ఆనుకుంది. దేవుడు తన బాధకు అవతలి ఒడ్డున ఉన్నాడనుకుంది ఇన్నాళ్లూ. ఇవతలే ఉన్నాడేమో.

ముఖం కడుక్కుని వచ్చి, ఆడవాళ్ల మధ్య కూర్చుంది.

"ప్రభువా, అతని సంగతి నీకే వదిలేస్తున్నా. నాకు రేపు లేచే బలం ఇవ్వు. నాతో ఉండు."

పాస్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఏం కావాలో ముందు నిన్నే అడగాల్సింది తల్లీ," అంది. తర్వాత అందరూ ఆమేన్ అన్నారు.

మర్నాడు బాధ అలాగే ఉంది. పళ్లు తోముకుంటూ టేపక్క ఆ మాటే దేవుడికి చెబుతోంది.

"నోరు పుక్కిలించి మాట్లాడు వదినా. ఆయనకేం అర్థమవుతుంది?"

"అవుతుందిలే," అని టేపక్క నురగ నోటితోనే మిగతాది చెప్పుకుంది.